మౌదూదీని ఎవరి వెంట చదవాలి?

"అన్నా, ఆధునిక ఇస్లామిక్ రాజకీయ ఉద్యమాల మీద పరిశోధించినవాళ్లలో ఒక్క పేరు చెప్పు. ఒక్కటంటే ఒక్కటే. పది చెబితే ఒక్కటీ చదవను" అన్నాడు కరీంనగర్‌లో చరిత్ర పాఠాలు చెప్పే మిత్రుడు. మూడు వారాల్లో డిగ్రీ విద్యార్థులకు ఆ పాఠం చెప్పాలట. సిలబస్‌లో దానికి దక్కినవి రెండు వాక్యాలు. గ్రంథాలయంలో దొరికిన పుస్తకమేమో 2001 సెప్టెంబరు దాడుల తరువాత హడావిడిగా అచ్చయిన రకం. అట్ట మీద తుపాకీ, మొదటి అధ్యాయంలో ఏడో శతాబ్దం, రెండో అధ్యాయంలో బిన్ లాడెన్. నడుమ పదమూడు వందల ఏళ్లు ఏమయ్యాయో రచయితకే తెలియాలి.

అలాంటిది నేనూ ఒకటి అబిడ్స్ ఆదివారం పుస్తకాల సంతలో కొని, శ్రద్ధగా గీతలు పెట్టుకుంటూ చదివాను. పూర్తిచేశాక కూడా మౌదూదీ స్థాపించిన జమాతె ఇస్లామీకీ, మతప్రచారం చేసే తబ్లీగీ జమాత్‌కూ తేడా చెప్పలేకపోయాను. ఆ అనుభవంతో మిత్రుడికి ఇచ్చిన సలహానే ఇక్కడ కొంచెం విస్తరించి రాస్తున్నాను. ఒక్క పేరుతో సరిపెట్టలేకపోయాను. రెండు పేర్లయ్యాయి.

ఆ రెండూ వలీ నస్ర్, ఇర్ఫాన్ అహ్మద్. ప్రపంచమంతా ముందుగా చెప్పే ఫ్రెంచి పండితులను పక్కన పెట్టి వీరిని ముందుకు తేవడానికి కారణం ఉంది. తెలుగు పాఠకులు ఈ కథను కైరోలోనో పారిస్ శివార్లలోనో మొదలుపెట్టనక్కరలేదు. మన పాత హైదరాబాద్ రాజ్యంలోనే మొదలుపెట్టవచ్చు. సయ్యద్ అబుల్ ఆలా మౌదూదీ 1903లో ఔరంగాబాద్‌లో పుట్టారు. అప్పుడది నిజాం ఏలుబడిలోని ఊరు. ఢిల్లీలో పత్రికా సంపాదకుడిగా పనిచేసి, 1928లో హైదరాబాద్‌కు తిరిగివచ్చారు. ఆయన ఆలోచనలకు జీవితాంతం వేదికైన 'తర్జుమానుల్ ఖురాన్' మాసపత్రికను చేతిలోకి తీసుకున్నది హైదరాబాద్‌లోనే. 1938లో పఠాన్‌కోట్‌కు వెళ్లిపోయారు. 1941 ఆగస్టులో లాహోర్‌లో 75 మందితో జమాతె ఇస్లామీని స్థాపించారు. ఈజిప్టులో ముస్లిం బ్రదర్‌హుడ్ సిద్ధాంతకర్త సయ్యద్ కుతుబ్ 'దైవ సార్వభౌమత్వం' అని రాసినప్పుడు ఆయన ముందున్నవాటిలో మౌదూదీ రచనల అరబ్బీ అనువాదాలు కూడా ఉన్నాయి. అంటే ఈ ఆలోచన ఎడారి దేశాల నుంచి మన వైపు వచ్చిందనుకోవడం సగమే నిజం. కొంత మన వైపు నుంచీ అటు వెళ్లింది.

ఎంపికకు ముందు ఒక గందరగోళం తీరాలి. తెలుగువారికి ముస్లిం రాజకీయం అనగానే మజ్లిస్ గుర్తొస్తుంది, పెద్ద వయసు వారికి రజాకార్లు గుర్తొస్తారు. ఈ పరిశోధకులు 'ఇస్లామిస్టు' అన్నప్పుడు ఆ పార్టీలను ఉద్దేశించరు. 1927లో పుట్టిన మజ్లిస్ 1948కి ముందు నిజాం గద్దెను కాపాడాలనుకుంది. 1957లో మళ్లీ లేచాక ఎన్నికల్లో ఒక సమూహానికి ప్రాతినిధ్యం అడిగే పార్టీ అయింది. మౌదూదీ అడిగింది వేరు. ముస్లింలకు వాటా కాదు, రాజ్యమే దైవచట్టం కింద నడవాలన్నది ఆయన వాదం. ఇక 1866లో మొదలైన దేవ్‌బంద్ మదరసా ఉలమాల్లో, అంటే మతపండితుల్లో, చాలామంది కాంగ్రెస్‌తో కలిసి నడిచారు. వారిలో ఒకరైన హుస్సేన్ అహ్మద్ మదనీ హిందువులు, ముస్లింలు ఒకే జాతి అనే ఉమ్మడి జాతీయత గురించి మాట్లాడితే దాన్ని గట్టిగా ఖండించినవారిలో మౌదూదీ ఒకరు. తబ్లీగీలైతే రాజకీయం జోలికే వెళ్లకుండా నమాజు, నడవడిక గురించి ఇల్లిల్లూ తిరుగుతారు. ఈ నాలుగింటినీ ఒకే గాటన కట్టే పుస్తకం ఎంత పెద్ద పేరున్నవారిదైనా అక్కడితో మూసేయవచ్చు.

ఇప్పుడు నస్ర్. ఇరాన్‌లో పుట్టి, అమెరికాలో చదువుకుని, పాకిస్తాన్ జమాత్‌ను తన పరిశోధనగా ఎంచుకున్న రాజనీతి శాస్త్రవేత్త. 1994లో వచ్చిన 'ది వాన్‌గార్డ్ ఆఫ్ ది ఇస్లామిక్ రెవల్యూషన్', 1996లో మౌదూదీ ఆలోచనల మీద రాసిన మరో గ్రంథం ఆయన పేరు నిలిపాయి. మొదటిది పార్టీ కథ, రెండోది మనిషి కథ. జమాత్ సొంత పత్రాలు తిరగేసి, నాయకులతో స్వయంగా మాట్లాడి రాశారు కనుక పార్టీ ఇంటి వాసన తెలుస్తుంది. ఎవరు ఎవరితో ఎందుకు విభేదించారు, సభ్యత్వం ఎంత కఠినం, డబ్బు ఎక్కడిది, అమీర్, అంటే పార్టీ అధ్యక్షుడు, ఎలా ఎన్నికవుతారు, అన్నీ ఉంటాయి.

ఆయన పుస్తకంలో నాకు బాగా నచ్చిన భాగం 1957లో మాఛీ గోఠ్‌లో జరిగిన జమాత్ సమావేశం. పవిత్రమైన చిన్న సమాజంగా ఉండి జనాన్ని మార్చాలా, లేక ఎన్నికల్లో దిగి అధికారం పట్టాలా అన్నది అక్కడి తగవు. మౌదూదీ ఎన్నికల వైపు నిలిచారు. ఆ తగవులో ఆయన పాత సహచరులు కొందరు, అమీన్ అహ్సన్ ఇస్లాహీతో సహా, చివరకు బయటికి నడిచారు. తరువాతి కథలో ఆ నిర్ణయం ఫలితాలు ఒక్కొక్కటిగా కనిపిస్తాయి. స్త్రీ బయటికి రాకూడదని పర్దా మీద పెద్ద పుస్తకమే రాసిన మౌదూదీ పార్టీ, 1965 అధ్యక్ష ఎన్నికల్లో అయూబ్ ఖాన్ మీద పోటీచేసిన ఫాతిమా జిన్నాను సమర్థించింది. అంత చేసి 1970 ఎన్నికల్లో జాతీయ అసెంబ్లీలో తెచ్చుకున్నవి నాలుగు స్థానాలు. సిద్ధాంతం పైన మేఘాల్లో, రాజకీయం కింద బురదలో. నస్ర్ ఈ రెండింటి నడుమ దూరాన్ని కొలుస్తారు, వెక్కిరించరు.

పుస్తకం చదివే ఓపిక లేకపోతే ఆయన 1992 వ్యాసం ఒకటుంది. జమాత్ విద్యార్థి విభాగం ఇస్లామీ జమియతె తలబా గురించి. లాహోర్, కరాచీ విశ్వవిద్యాలయాల్లో ధర్మప్రచారానికని మొదలైన సంఘం ఎన్నికల పోటీలో పడి, కర్రలు పట్టి, చివరకు కన్న పార్టీకే మాట వినని బిడ్డగా ఎలా తయారైందో అందులో చూడవచ్చు. సైనిక పాలకుడు జియా ఉల్ హక్ 1984లో విద్యార్థి సంఘాలను నిషేధించినప్పుడు ఆయనకు మిత్రపక్షమైన జమాత్ పడిన ఇరకాటం అందులో చదవాల్సిన భాగం. మన కళాశాలల్లో సంఘాల గొడవలు చూసినవారికి వివరించి చెప్పాల్సిన పని ఉండదు.

నస్ర్‌తో చిక్కులు రెండు. సరిహద్దు దాటగానే భారత్ ఆయన పేజీల్లో నుంచి దాదాపు మాయమవుతుంది. 1947 తరువాత ఇక్కడ మిగిలిన జమాత్ ఏమైందో ఆయన పని కాదు. రెండోది, పాకిస్తాన్ రాజకీయాల పేర్లు కుప్పలుగా పడతాయి. యాహ్యా, భుట్టో, జియాల వరస తెలియకపోతే మొదటి యాభై పేజీల్లోనే ఊపిరాడదు. ఆయన తరువాతి రచనలు ఇంకా వేరు. 2005లో 'ముస్లిం ప్రజాస్వామ్యం' మీద రాసిన ప్రసిద్ధ వ్యాసంలో ఐరోపా క్రైస్తవ ప్రజాస్వామ్య పార్టీల్లాంటివి ముస్లిం దేశాల్లోనూ వస్తున్నాయని, సిద్ధాంతం కంటే ఓట్ల లెక్క వాటిని నడిపిస్తోందని ఆశపడ్డారు. తుర్కియెలో అప్పటి కొత్త పార్టీ ఏకేపీ అందులో ఉదాహరణ. ఆ పార్టీ 2013 తరువాత నిరంకుశత్వం వైపు నడిచిన దారి చూశాక ఆ వ్యాసాన్ని జోస్యంగా కాక, 2005 నాటి ఆశల నమూనాగా చదవడం మంచిది.

ఇర్ఫాన్ అహ్మద్ ఆ మాయమైన సగాన్ని వెతుక్కుంటూ వెళ్లిన మానవశాస్త్రవేత్త. 2009లో వచ్చిన 'ఇస్లామిజం అండ్ డెమోక్రసీ ఇన్ ఇండియా' కోసం ప్రధానంగా అలీగఢ్, రాంపూర్‌లలో మనుషుల మధ్య గడిపారు. జమాతె ఇస్లామీ హింద్ 1948లో విడిగా ఏర్పడింది. కొంతకాలం దాని కేంద్రం రాంపూర్‌లోనే ఉండేది.

ఆయన అడిగిన ప్రశ్న సూటిది. ఓటు వేయడమే దైవద్రోహమన్న పార్టీ, తరువాత ఓటు వేయండని చెప్పే పార్టీగా ఎలా మారింది? మొదట్లో జమాత్ సభ్యుడికి ఓటు కూడదు, సర్కారు ఉద్యోగం కూడదు. కొత్త చదువుల కళాశాలలను మౌదూదీ వధశాలలతో పోల్చారు. కానీ స్వతంత్ర భారతంలో సామాన్య ముస్లింలు ఈ మాట వినలేదు. క్యూలో నిలబడి ఓటేశారు, పిల్లలను కాలేజీకి పంపారు. వెనక ఎవరూ రాకపోతే ముందు నడిచేవాడు ఒకసారి వెనక్కి చూసుకుంటాడు. జమాత్ కూడా అలా చూసుకుంది. వాదించుకుంది, తన సలహా మండలి మజ్లిసె షూరాలో ఓట్లు లెక్కపెట్టుకుంది, మెల్లగా మారింది. 'దైవ ప్రభుత్వం' అన్న లక్ష్యపదం పోయి 'దీన్ (ధర్మ) స్థాపన' అన్న మెత్తని పదం వచ్చింది. అత్యవసర పరిస్థితిలో నిషేధానికి గురైంది, 1992లో మళ్లీ నిషేధిస్తే 1994లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది. ఏ రాజ్యాంగ వ్యవస్థను తిరస్కరించి పుట్టిందో ఆ వ్యవస్థ న్యాయస్థానమే దాని ఉనికిని కాపాడింది. 2011లో దాని అండతో వెల్ఫేర్ పార్టీ అనే రాజకీయ పార్టీ వచ్చింది, పేరులో ఇస్లాం లేకుండా.

అదే నేల మీద ఇంకో మొక్క వేరే దిక్కుకు పెరిగింది. 1977లో అలీగఢ్‌లో మొదలైన విద్యార్థి సంఘం సిమి జమాత్ నుంచి దూరం జరిగి, ఖిలాఫత్ (ఖలీఫా పాలన), జిహాద్ నినాదాల వైపు వెళ్లి, 2001లో నిషేధానికి గురైంది. పెద్దలు మెత్తబడుతుంటే కుర్రవాళ్లు ఎందుకు గట్టిపడ్డారు? అహ్మద్ జవాబు మతగ్రంథాల్లో లేదు. ఎనభై, తొంభై దశకాల హిందుత్వ విజృంభణ, అల్లర్లు, రక్షణ ఇవ్వని ప్రభుత్వం, ఇవే కారణాలంటారు. దీనితో అందరూ ఏకీభవించరు. నాకైతే సిమి సొంత సిద్ధాంతం బాధ్యతను ఆయన కాస్త తేలిగ్గా తీసుకున్నారనిపిస్తుంది. అదే అల్లర్ల కాలంలో పెరిగి, అదే అలీగఢ్‌లో చదివి, వేరే దారి పట్టినవాళ్లు లెక్కలేనంతమంది ఉన్నారు కదా.

ఆయన వ్యాసాల్లో రెండు ముఖ్యం. జమాత్‌లో స్త్రీల విషయంలో వచ్చిన మార్పు మీద 2008లో రాసినది మొదటిది. ఇల్లే స్త్రీకి కోట అన్న మౌదూదీ కోటగోడలో పగుళ్లు ఎలా వచ్చాయో, ఆ పగుళ్లు పెట్టినవారు బయటివారు కాక ఆయన అనుయాయులేనని చూపుతుంది. భాష తేలిక. రెండోది 2009 నాటిది, మౌదూదీ 'ఇస్లామిక్ రాజ్యం' భావనకు మూలాలు వెతికేది. ఇది గట్టి గింజ, పళ్లు జాగ్రత్త. సిద్ధాంతాల పేర్లు, వాటి ఖండనలు, మళ్లీ వాటి మీద ఖండనలు. కానీ లోపలి వాదం చాలా విలువైనది.

ఆ వాదం దగ్గరే ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టవచ్చు. మౌదూదీ దృష్టిలో రాజ్యం ఎందుకంత పెద్దదయింది? నస్ర్ జవాబు సమూహ భయం. 1924లో ఖిలాఫత్ రద్దయింది, 1926లో ఒక ముస్లిం చేతిలో ఆర్యసమాజ నాయకుడు స్వామి శ్రద్ధానంద హత్యతో ముస్లింల మీద విమర్శలు పెల్లుబికాయి, హైదరాబాద్‌లో ముస్లిం పాలన చుట్టూ నేల కుంగుతున్నట్టు అనిపించింది. ఆ భయం నుంచి అధికారం మీద తపన పుట్టిందంటారు. అహ్మద్ జవాబు మరో వైపు నుంచి వస్తుంది. ఆధునిక రాజ్యం అప్పటికే బడి, పెళ్లి, పన్ను, ఆసుపత్రి అన్నింట్లోకీ చొరబడింది, 1937లో కాంగ్రెస్ మంత్రివర్గాలు రాగానే ఆ రాజ్యం ఎవరి చేతిలో ఉంటే వారిదే బతుకు అని తేలిపోయింది, కనుక మౌదూదీ రాజ్యాన్ని లక్ష్యం చేసుకున్నారు. ఇస్లాంలో మతమూ రాజ్యమూ ఎప్పుడూ ఒకటే కాబట్టి ఇలా జరిగిందన్న పాత మాటను ఆయన ఒప్పుకోరు. ఏడో శతాబ్దంతో మొదలయ్యే ఆ తుపాకీ అట్ట పుస్తకానికి ఇంతకంటే మంచి జవాబు నేను చదవలేదు. మౌదూదీ మధ్యయుగాల మనిషి కాదు, ఆధునిక మనిషే అన్న చోట మాత్రం ఇద్దరూ కలుస్తారు. రాజ్యాంగం, పార్టీ, కార్యకర్త, విప్లవం, ఆయన చేతిలోని పనిముట్లన్నీ ఇరవయ్యో శతాబ్దానివే.

ఇద్దరిలో ఎవరు? పాఠం చెప్పేవారికి, పోటీ పరీక్షలకు చదివేవారికి, వరస తెలియాలనుకునేవారికి నస్ర్. తేదీలు, మనుషులు, మలుపులు ఆయన దగ్గర భద్రంగా ఉంటాయి. భారత ముస్లింల గురించి రాసే విలేకరికి అహ్మద్ తప్పనిసరి. పాకిస్తాన్ జమాత్‌ను చూసి ఇక్కడి జమాత్‌ను ఊహించేవారు దినపత్రికల్లో ఇంకా కనిపిస్తున్నారు, వారికి ఇది మందు. అయితే అహ్మద్ చూపేది ఉత్తర భారతం. ఈ సంస్థ సొంత దినపత్రిక పెట్టి నిలదొక్కుకున్న కేరళనుగానీ, మౌదూదీ నడిచిన హైదరాబాద్‌నుగానీ తెలుసుకోవడానికి అది చాలదు. ఆ లోటు ఎవరైనా ఉర్దూ తెలిసిన తెలుగు పరిశోధకులు తీర్చాలి.

ఫ్రెంచి పండితుల మాట. ఒలివియె రువా, జిల్ కెపెల్ ఇద్దరూ తప్పక ఎదురవుతారు, ఇంగ్లీషు చదువరులు మొదటాయనను రాయ్ అంటారు. రువా 1980లలో అఫ్గాన్ ముజాహిదీన్‌ల మధ్య తిరిగినవారు. రాజ్యాన్ని మార్చే పథకంగా ఇస్లామిజం ఓడిపోయిందని, మిగిలేది ఛాందస నైతికతేనని 1992లోనే రాశారు. కెపెల్ అరబ్బీ బాగా తెలిసినవారు, అధ్యక్షుడు సాదత్ హత్య నాటి ఈజిప్టు తీవ్రవాద బృందాల మీద 1984లో రాసిన పుస్తకం ఇప్పటికీ గట్టిది. 2000లో జిహాద్ మీద పెద్ద గ్రంథం రాసి, ఉద్యమం దిగజారుతోందన్నారు. మరుసటి ఏడాదే న్యూయార్క్ దాడులు. పాపం అని ఊరుకోవడమా, లేక దాడులు ఆ దిగజారడానికే గుర్తు అని ఆయనతో పాటు అనడమా, చదివేవారి ఇష్టం.

2015 పారిస్ దాడుల తరువాత వీరిద్దరి తగవు పత్రికలకెక్కింది. యువకులు ముందు తిరుగుబాటుదారులై తరువాత ఇస్లాం వేషం వేసుకుంటున్నారని రువా అంటే, లేదు, ఇస్లాం తొలి తరాల పద్ధతికే తిరిగిపోవాలనే సలఫీల ప్రచారమే వారిని తయారుచేస్తోందని, అరబ్బీ రానివారికి అది కనబడదని కెపెల్ అన్నారు. ఈ తగవు ఫ్రాన్స్ శివారు కాలనీల గురించి. దాన్ని తెచ్చి హైదరాబాద్ పాతబస్తీకి అంటించడం తప్పు. వీరిలో ఒకరే కావాలంటే నేను రువాను తీసుకుంటాను. తప్పయినా ఆయన ప్రశ్న ఆలోచింపజేస్తుంది. కెపెల్ దగ్గర పాత ఈజిప్టు పుస్తకం చాలు.

ఈజిప్టే ప్రధానమనుకునేవారికి రిచర్డ్ మిచెల్ 1969 గ్రంథం ఉంది. 1928లో హసన్ అల్ బన్నా ఇస్మాయిలియాలో మొదలుపెట్టిన ముస్లిం బ్రదర్‌హుడ్‌ను కైరోలో దగ్గరగా చూసి రాసినది. ఇంత మంచి పరిశోధకుడు కూడా సెక్యులర్ జాతీయవాదం ముందు ఈ సంస్థ ఆకర్షణ తగ్గిపోతుందని అంచనా వేశారు. 2012లో అదే సంస్థ మనిషి మోర్సీ అధ్యక్షుడయ్యారు, ఏడాదికే సైన్యం దింపేసింది. ఇరాన్ గురించైతే ఆసెఫ్ బయాత్ 1996లో రాసిన 'ఇస్లామిజం అనంతర సమాజం' వ్యాసం చిన్నది, చురుకైనది. మిగతావి తరువాత చూసుకోవచ్చు.

దొరకడం సంగతి. నస్ర్ 1994 పుస్తకాన్ని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ముద్రణాలయం తన పాత ఈ-పుస్తకాల సంగ్రహంలో ఉచితంగా చదువుకోనిస్తోంది. అహ్మద్ వ్యాసాలు ఖరీదైన పత్రికల్లో ఉన్నాయి. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ఉన్నవారు 2025లో మొదలైన 'ఒకే దేశం, ఒకే చందా' పథకం కింద తమకు ఏ పత్రికలు తెరుచుకుంటాయో గ్రంథపాలకులను అడగాలి. అడగకపోతే ఎవరూ చెప్పరు. మిగతావారు పరిశోధన వ్యాసాల వెబ్‌సైట్ జేస్టోర్‌లో ఉచిత ఖాతా తెరిచి కొంత పరిమితిలో చదువుకోవచ్చు.

మిత్రుడికి చివరకు రెండు వ్యాసాలు పంపాను: నస్ర్ 1992 నాటి విద్యార్థుల వ్యాసం, అహ్మద్ 2008 నాటి స్త్రీల వ్యాసం. రెండూ కలిపి ఒక ఆదివారం పని. వారం తరువాత ఫోను చేశాడు. పాఠం ఎలా వచ్చిందని అడిగితే ఆ మాటే ఎత్తలేదు. తర్జుమానుల్ ఖురాన్ హైదరాబాద్‌లో ఏ గల్లీలో అచ్చయ్యేదో తెలుసా అని అడిగాడు. పిల్లలను తీసుకొచ్చి చూపిస్తాడట.